పాతబడింది, పాడైంది, పాడుచేశారు
అద్దె ఇంటి మరమ్మతుల మీద బెంగళూరులో గొడవలు ఎందుకు ముదురుతాయి?

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్ళిలోనో ఒక రెండో అంతస్తు ఇల్లు అనుకోండి. బాత్‌రూమ్ పైకప్పుకు అరచేతంత చెమ్మ మరక. అద్దెకున్న కుర్రాడు జూన్‌లో ఓనరుకు ఫోన్ చేస్తాడు. "ప్లంబర్ని పంపిస్తాలే" అంటాడాయన. ప్లంబర్ రాడు. రెండోసారి అడగడానికి కుర్రాడికి మొహమాటం. మూడోసారి అడగాలంటే భయం, "నచ్చకపోతే ఖాళీ చెయ్యి" అంటాడేమోనని. అక్టోబరు వానలకు మరక చాపంత అవుతుంది, పెచ్చులు ఊడుతాయి, పక్కనున్న స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. వచ్చే ఏప్రిల్‌లో ఖాళీ చేసే రోజు ఓనరు తలెత్తి చూసి, "ఇదంతా నువ్వు పాడుచేసిందే" అని అడ్వాన్సులోంచి ఇరవై వేలు కోసేస్తాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

ఇక్కడ గొడవ మరక గురించి కాదు. ఆ మరకకు ఏ పేరు పెట్టాలన్నదాని గురించి. వస్తువు పాతబడుతుంది, పాడవుతుంది, లేదా ఎవరో పాడుచేస్తారు. వినడానికి ఒకలాగే ఉన్నా మూడూ వేర్వేరు. కాలం గడిచి గోడ రంగు వెలిస్తే పాతబడినట్టు, ఆ ఖర్చు ఇంటి యజమానిది. మేకు దిగ్గొట్టి టైలు పగలగొడితే పాడుచేసినట్టు, ఆ ఖర్చు అద్దెకున్నవారిది. ఎవరి తప్పూ లేకుండా పైపు కారితే, గీజర్ కాలిపోతే అది పాడవడం. గొడవలన్నీ పుట్టేది ఈ మధ్య గదిలోనే.

అడ్వాన్సు దగ్గర ముడి

ఇతర ఊళ్ళలో కంటే బెంగళూరులో ఈ గొడవ ఎక్కువ ముదరడానికి కారణం అడ్వాన్సు. పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకోవడం ఈ నగరంలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగింది. నెలకు 25,000 అద్దె అంటే పది నెలలకు రెండున్నర లక్షలు, ఆరు నెలలకు లక్షన్నర. ఆ డబ్బు ఓనరు బీరువాలో ఉండదు. పై అంతస్తు స్లాబుకో, పిల్లల ఫీజుకో ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. కొత్తవాళ్ళు దిగి అడ్వాన్సు ఇస్తేనే పాతవాళ్ళకు తిరిగిచ్చేది. కాబట్టి ఖాళీ చేసే రోజున ఆయన కోయగలిగిన ప్రతి రూపాయీ ఆయనకు ఊరటే.

అద్దెకున్నవారి చేతిలో ఏముంది? ఉన్నంతకాలం నెలనెలా ఇచ్చే అద్దె. తాళం చెవులు ఇచ్చేశాక అదీ లేదు. అందుకే కొందరు చివరి రెండు మూడు నెలలు అద్దె ఆపేసి "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. అది తెలిసిన ఓనరు ముందు నుంచే గట్టిగా ఉంటాడు. ఇలా ఇద్దరూ చివరి రోజు మీద కన్నేసి, ఈ రోజు చేయాల్సిన చిన్న పనిని వాయిదా వేస్తారు.

పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇందుకు మంచి ఉదాహరణ. పదకొండు నెలలు ఉన్నా, ఐదేళ్ళు ఉన్నా కోత ఒకటే. ఐదేళ్ళు ఉన్నాక గోడలకు ఎలాగూ రంగు వేయాల్సిందే, అది పాతబడటం. కానీ ఆ లెక్క ఎవరూ వేయరు. అగ్రిమెంటులో రాసుకుని సంతకం పెట్టారు కాబట్టి కోత చెల్లిపోతుంది.

ఓనరు వైపు నుంచి కూడా చూడాలి. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు. హెచ్‌ఏఎల్‌లోనో బీఈఎల్‌లోనో ముప్పై ఏళ్ళు పనిచేసి, ముప్పై బై నలభై సైటులో అప్పుచేసి మూడంతస్తులు లేపిన మనిషికి ఆ అద్దెలే పింఛను. బల్బు మాడినా ఫోన్, సింకులో అన్నం మెతుకులు ఇరుక్కున్నా ఫోన్ అంటే విసుగొస్తుంది. ఇంతకుముందు దిగినవాళ్ళు ఏసీ కోసం గోడకు పెద్ద కన్నం పెట్టి చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటే, ఆ కోపం మీ మీదికి మళ్ళుతుంది.

చట్టం ఎక్కడ నిలబడింది?

కర్ణాటకకు అద్దె చట్టాలు కొత్త కాదు. మైసూరు రాష్ట్రంలో 1951లో ఒకటి, 1961లో మరొకటి వచ్చాయి. పాత అద్దె నియంత్రణ చట్టాలు అద్దె పెరగకుండా బిగించాయి. అద్దె పెరగని ఇంటికి రిపేరు ఎవరు చేయిస్తారు? పాత పేటల్లో చాలా కట్టడాలు అలాగే శిథిలమయ్యాయి. ఆ అనుభవంతో తెచ్చిన 1999 నాటి కర్ణాటక అద్దె చట్టం 2001 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. అయితే బెంగళూరు వంటి నగరాల్లో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళను అది తన పరిధిలోంచి తప్పించింది. ఈరోజు ఆ అద్దెకు నగరంలో ఒక గది దొరకడమే కష్టం. అంటే దాదాపు అద్దె ఇళ్ళన్నీ ఆ చట్టానికి బయటే ఉన్నాయి.

బయట ఉన్నవారికి దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులోని 108వ సెక్షన్. ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది: ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేలా లేకపోతేనే ఈ నియమాలు. అంటే మీ అగ్రిమెంటే మీకు మొదటి చట్టం. దాని తర్వాత సెక్షన్ చెప్పేవి ముఖ్యంగా మూడు. ఒకటి, పైకి కనబడని పెద్ద లోపం ఇంట్లో ఉంటే, అది తెలిసిన యజమాని ముందే చెప్పాలి. రెండు, అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, సహజమైన అరుగుదలను మాత్రం మినహాయించాలి. పాతబడటానికి మీరు బాధ్యులు కారని చట్టమే అంటోందన్నమాట. మూడు, యజమాని చేయించి తీరాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా సమంజసమైన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు.

ఈ మూడోదాన్ని తొందరపడి చదవకూడదు. 'చేయించి తీరాల్సిన' అన్న మాటే అందులో కీలకం. ఫలానా రిపేరు ఓనరుదే అని ఈ సెక్షన్ జాబితా ఇవ్వదు. అది అగ్రిమెంటులో ఉండాలి. మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో ఉండేదేమో "చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్దవి యజమానివి" అన్న ఒకే ఒక్క వాక్యం. ఏది చిన్నది, ఏది పెద్దది? చెప్పరు. పదకొండు నెలలకే ఎందుకంటే ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ ఒకే నమూనా కాగితం మీద పేర్లు మార్చి ప్రింటు తీసుకుంటారు.

జాబితా కావాలంటే కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఉంది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కట్టుబడి ఉండాలి. అయినా కొలబద్దగా బాగా పనికొస్తుంది. గోడలు, స్లాబు వంటి కట్టడపు రిపేర్లు, సున్నం వేయడం, తలుపులకు కిటికీలకు రంగులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు యజమానివి. కుళాయిలు, వాషర్లు, కాలువల శుభ్రం, కమోడ్, వాష్‌బేసిన్, గీజర్ రిపేర్లు, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, గడియలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారువి. యజమాని తన వంతు చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగం అద్దెకు మించకూడదు. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇల్లు చూడటానికి రావాలంటే యజమాని 24 గంటల ముందు చెప్పాలి. పెయింటింగ్ యజమాని వంతులో ఉండటం గమనించండి. మన ఆచారానికి అది సరిగ్గా తలకిందులు.

మరకను చదవడం

చట్టం ఎంత తెలిసినా, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకపోతే వాదన ముందుకు కదలదు. చెమ్మ నాలుగు రకాలుగా వస్తుంది, నాలుగింటికీ గుర్తులు వేరు.

వాన పడ్డాకే కనబడి, ఎండలకు ఆరిపోతే అది టెర్రస్‌దో బయటి గోడదో. మార్చి నెలలో కూడా తడి తగ్గకపోతే పైపు కారుతున్నట్టు, లేదా పై ఇంటి బాత్‌రూమ్ టైళ్ళ సందుల్లోంచి నీళ్ళు దిగుతున్నట్టు. పై బాత్‌రూమ్‌ను రెండు రోజులు వాడకుండా ఆపితే ఆ సంగతి తేలిపోతుంది. నీళ్ళు స్లాబు వెంట పాకి వేరేచోట బయటపడతాయి కాబట్టి మరక పైనే కన్నం ఉంటుందనుకోకండి. నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ ఉబ్బి ఉప్పు పొడి రాలుతుంటే అది భూమిలోంచి ఎక్కే చెమ్మ. ఈ మూడూ యజమాని చూసుకోవాల్సినవి. బీరువా వెనక, గది మూలల్లో నల్లని బూజు చుక్కలు వస్తే మాత్రం చాలాసార్లు గాలి ఆడకపోవడమే కారణం. బట్టలు గదిలోనే ఆరేసి కిటికీలు మూసి ఉంచితే అది అద్దెదారు వంతు. అయితే పక్కింటి గోడకు ఆనుకుని కట్టిన ఇంట్లో కిటికీ తెరిచినా గాలి రాదు. అప్పుడు తప్పు ఇల్లు కట్టిన తీరుది.

బూజును చిన్నచూపు చూడటం ఎంత ప్రమాదమో ఇంగ్లండు తెలుసుకుంది. రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ళ బాబు ఒకడు శ్వాసకోశ వ్యాధితో చనిపోయాడు. ఇంట్లోని బూజే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. తల్లిదండ్రులు అంతకుముందే ఫిర్యాదు చేసి ఉన్నారు. సామాజిక గృహాల యజమానులు ఇలాంటి ఫిర్యాదులపై నిర్ణీత గడువులో కదలాలంటూ 2023లో తెచ్చిన నిబంధనను ఆ బాబు పేరుతోనే అవాబ్ చట్టం అంటారు.

గీజర్ ఎవరిది, నీళ్ళు ఎవరివి?

పాడవడానికి బెంగళూరులో పెద్ద కారణం నీళ్ళే. కావేరి నీళ్ళు చాలని ఇళ్ళలో సంపులోకి బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో కలుస్తాయి. ఆ ఉప్పు గీజర్ కాయిల్ మీద, షవర్ రంధ్రాల్లో, కుళాయిల్లో గారలా పేరుకుంటుంది. ఆరు నెలల్లో కాయిల్ పోతే పాడుచేసింది ఎవరు? ఓనరూ కాదు, అద్దెదారూ కాదు, నీళ్ళు. నమూనా చట్టం గీజర్ రిపేరును అద్దెదారుకే వేసింది. నా మాట అడిగితే దాన్ని యథాతథంగా తీసుకోకూడదు. ఓనరు పెట్టిన పాత గీజర్ దిగిన మూడు నెలల్లోపే పోతే అది ఆయనదే. ఆ తర్వాత సర్వీసు ఖర్చు వాడుకున్నవారిది, కొత్తది కొనాల్సి వస్తే ఆయనది.

2024 మార్చిలో ఈ లెక్క ఇంకా బిగిసింది. నగరంలోని సుమారు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అప్పట్లో చెప్పారు. ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని జిల్లా యంత్రాంగం ధర కట్టాల్సి వచ్చింది. ట్యాంకరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చాలా అగ్రిమెంట్లలో లేదు. ఉన్నదల్లా 'మెయింటెనెన్స్' అన్న ఒక్క మాట. అద్దెదారుకు అది నెలనెలా కట్టే రుసుము. ఓనరుకు అది ఊడ్చేవారి జీతం, మోటారు కరెంటు. రిపేరు అందులో ఉందని ఒకరు, లేదని ఒకరు. అపార్టుమెంట్లలో ఆ రుసుము అసోసియేషన్‌కు పోతుంది. లిఫ్టు, సంపు, మెట్ల దీపాలు అసోసియేషన్ చూస్తుంది, మీ వంటగది కుళాయి మాత్రం ఓనరుతో తేల్చుకోవాల్సిందే.

అడిగే తీరు

ఫోన్‌లో అడిగినది గాలిలో కలుస్తుంది. ఫోన్ చేశాక అదే మాట వాట్సాప్‌లో ఫొటోతో పెట్టాలి. "నమస్తే అంకుల్. బాత్‌రూమ్ పైకప్పు జూన్ 10 నుంచి కారుతోంది. స్విచ్ బోర్డు పక్కనే ఉంది, షాక్ కొడుతుందేమోనని భయంగా ఉంది. ఈ ఆదివారం లోపు ప్లంబర్ని పంపిస్తారా? మీరు సరేనంటే నేనే పిలిచి, ఎంతవుతుందో ముందే చెప్తాను." ఇందులో ఫిర్యాదు లేదు. ఏమైంది, ఎప్పటి నుంచి, ఆలస్యమైతే ఏమవుతుంది, ఏ తేదీలోపు అన్నవి ఉన్నాయి. ఆయన "సరే చేయించు" అంటే ఆ రెండు మాటలే మీ రసీదు. బిల్లు యూపీఐలో కట్టి, అద్దెలో తగ్గించి, ఆ లెక్క కూడా అక్కడే రాయండి. జవాబు లేకపోతే అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపండి.

అద్దె మొత్తంగా ఆపేయడం మాత్రం పొరపాటు. దాంతో రిపేరు గొడవ కాస్తా బాకీ గొడవగా మారి, ఖాళీ చేయించడానికి ఓనరుకు కారణం దొరుకుతుంది. అలాగే కోపమొచ్చి నీళ్ళు ఆపడం, ఫ్యూజు పీకడం ఓనరు చేయకూడని పని. కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా బయటికి పంపితే, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

కోర్టు దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. లక్ష రూపాయల అడ్వాన్సులో ఇరవై వేల కోతకు లాయరును పెట్టుకోవడం గిట్టదు. కాబట్టి గెలవాల్సిన రోజు చివరిది కాదు, మొదటిది. మనవాళ్ళు అద్దె ఇంట్లో దిగినా పాలు పొంగిస్తారు. ఆ రోజు పొయ్యి వెలిగించే ముందు ఓనరుని వెంటబెట్టుకుని ఇల్లంతా ఒక్కసారి తిరగండి. ప్రతి కుళాయి విప్పండి, ప్రతి స్విచ్ వేయండి, పైకప్పులు ఫొటో తీసి ఆయనకే పంపండి. అగ్రిమెంటులో నాలుగు వాక్యాలు చేర్చమనండి: పైపులు, వైరింగు, చెమ్మ ఓనరువి, ఫలానా మొత్తం లోపు రిపేర్లు అద్దెదారువి, చెప్పిన ఇన్ని రోజుల్లో చేయించకపోతే అద్దెలో మినహాయింపు, పెయింటింగ్ కోత ఉన్న ఏళ్ళను బట్టి తగ్గాలి. ఆ తర్వాత ఆయన్నే కూర్చోబెట్టి పాలు ఇవ్వండి. ఏప్రిల్‌లో ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ తలెత్తి ఆ మరకను చూస్తారు. దానికి పేరు మొదటి రోజే పెట్టి ఉంటుంది.