లారీ ఏసీలో గ్యాసు ఎక్కడికి పోయింది?



మా అన్నయ్య లారీ డ్రైవరు. మిర్చి, బియ్యం, సిమెంటు వేసుకుని దూరాలు పోతాడు. ఎండాకాలంలో లారీ కేబిన్ పొయ్యి మీద పెనంలా కాలుతుంది. కింద ఇంజను వేడి. పైన రేకు వేడి. ఎదుట అద్దంలోంచి ఎండ. ఆ వేడికి ఒళ్ళు సోలుతుంది. కళ్ళు మూతలు పడతాయి. అది బండి నడిపేవాడికి ప్రమాదం. రోడ్డు మీద పోయే అందరికీ ప్రమాదం.

అందుకే కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. సరుకుతో కలిపి మూడున్నర టన్నులు దాటే లారీలకు ఇది వర్తిస్తుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే అలాంటి లారీల కేబిన్‌లో ఏసీ ఉండాలి. కాబట్టి ఏసీ సంగతి ఇక కార్లవాళ్ళకే కాదు, లారీ మీద బతికే ఇళ్ళకూ తెలియాలి.

అన్నయ్య లారీకి ఏసీ ఉంది. ఒక వేసవిలో అది చల్లగా రావడం మానేసింది. రోడ్డు పక్క షెడ్డులో "గ్యాసు అయిపోయింది" అన్నారు. గ్యాసు నింపారు. రెండు వేలు తీసుకున్నారు. 20 రోజులు చల్లగా వచ్చింది. మళ్ళీ వేడిగాలే. మళ్ళీ నింపారు. మళ్ళీ రెండు వేలు.

మూడోసారి మా వదిన అడ్డం పడింది.

"ఏవండీ, బండి తిరిగితే డీజిలు అయిపోతుంది. అది నాకు తెలుసు. ఈ గ్యాసు ఎందుకు అయిపోతోంది? ఏసీ దాన్ని తాగేస్తోందా?"

అన్నయ్య దగ్గర జవాబు లేదు. ఏసీ పని బాగా తెలిసిన ఇంకో మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. వదినా వచ్చింది. నేనూ వెళ్ళాను. అక్కడ చూసిందీ, తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

చల్లదనం ఎలా వస్తుంది?

మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి కదా! ఎందుకు? కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. నీళ్ళు బయటికి చెమరుస్తాయి. ఆ తడి ఆవిరి అవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతుంది. ఏసీలోనూ ఇదే కిటుకు. నీళ్ళకు బదులు అందులో ఒక గ్యాసు ఉంటుంది. మన లారీల్లో ఎక్కువగా వాడే గ్యాసు పేరు ఆర్ 134 ఎ.

ఇంజను పక్కన కంప్రెసర్ ఉంటుంది. ఇంజను బెల్టు దాన్ని తిప్పుతుంది. అది గ్యాసును గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది. అలాగే నొక్కిన గ్యాసూ వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాసు బండి ముందున్న జాలీలోకి పోతుంది. ఈ జాలీని కండెన్సర్ అంటారు. అక్కడ గాలి తగిలి గ్యాసు చల్లారుతుంది. నీళ్ళలాగా ద్రవం అవుతుంది.

ఆ ద్రవం ఒక సన్నని వాల్వు దాటి, డాష్‌బోర్డు వెనక ఉన్న ఇంకో జాలీలోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ద్రవం ఆవిరి అవుతుంది. జాలీ చల్లబడుతుంది. ఫ్యాను గాలి ఆ జాలీని తాకి, చల్లగా కేబిన్‌లోకి వస్తుంది. ఆవిరయిన గ్యాసు తిరిగి కంప్రెసర్‌లోకి పోతుంది. గానుగెద్దులా అదే దారిలో తిరుగుతూ ఉంటుంది.

గ్యాసు ఎందుకు తగ్గుతుంది?

మెకానిక్కు వదినతో అన్న మాట ఇది.

"అమ్మా, ఈ గ్యాసు డీజిలులా కాలేది కాదు. తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట."

ఏళ్ళు గడిస్తే రబ్బరు గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా తగ్గవచ్చు. కానీ 20 రోజుల్లోనే పోయిందంటే లీకు ఉన్నట్టే. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవవు. ముందు చిల్లు పూడ్చాలి. తర్వాతే నీళ్ళు పోయాలి.

ముందు చూసుకోవలసినవి

చల్లగా రాకపోతే ప్రతిసారీ గ్యాసు తప్పు కాదు. షెడ్డుకు పోకముందే కొన్ని చూసుకోవచ్చు. ఇంజను ఆపి, చల్లారాక చూడాలి.

• ముందు జాలీకి దుమ్ము, పురుగులు, గడ్డి పట్టాయా? పడితే గాలి ఆడదు. మెల్లగా నీళ్ళతో కడగాలి. రేకులు వంగకుండా చూడాలి.

• కేబిన్ ఫిల్టరు మూసుకుపోయిందా? దుమ్ము పట్టిన ఫిల్టరులోంచి గాలి రాదు. శుభ్రం చెయ్యాలి. పాడైతే మార్చాలి.

• బెల్టు వదులయిందా? పగిలిందా?

• ఫ్యూజు కాలిందా?

ఇంకొక సంగతి. ఏసీ వేసినప్పుడు బండి కింద నీటిచుక్కలు పడతాయి. అది లీకు కాదు. గాలిలోని తేమ చల్లని జాలీ మీద నీరై కారుతుంది. అసలు లీకు గుర్తు వేరు. గ్యాసుతో పాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది. లీకున్న చోట నూనె జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటుంది.

షెడ్డులో ఏం చేశారు?

మెకానిక్కు మిగిలిన గ్యాసును మిషనుతో సిలిండరులోకి తీసుకున్నాడు. గాలిలోకి వదలలేదు. ఈ గ్యాసు గాలిలో కలిస్తే భూమి వేడెక్కుతుంది.

తర్వాత గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించాడు. అతుకుల మీద సబ్బునురగ పూశాడు. ఒక అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. సైకిలు పంక్చరు చూసినట్టే! అక్కడ చిన్న రబ్బరు రింగు ఎండి, పగిలి ఉంది. లారీ అదురుకు అతుకు కూడా వదులయింది. రింగు మార్చి బిగించాడు.

తర్వాత వాక్యూమ్ పంపు పెట్టాడు. అది లోపలి గాలినీ, తేమనూ లాగేస్తుంది. అరగంటకు పైగా నడిపాడు. తేమ మిగిలితే వాల్వులో మంచు కట్టి దారి మూసుకుపోతుంది. లోపలి భాగాలు తుప్పు పడతాయి. పంపు ఆపాక మీటరు ముల్లు కదలకుండా ఉందా అని చూశాడు. కదిలితే ఇంకా లీకు ఉన్నట్టే. ముల్లు కదల్లేదు.

అప్పుడు గ్యాసును కాటాతో తూచి ఎక్కించాడు. ఎన్ని గ్రాములు పట్టాలో బండి మీద స్టిక్కరు ఉంటుంది. తక్కువైనా చల్లగా రాదు. ఎక్కువైనా రాదు. పైగా కంప్రెసర్ పాడవుతుంది. వదిన స్టిక్కరు మీద అంకె వేలు పెట్టి చదివింది. కాటా మీద అంకె చూసింది. బిల్లులో అంకె కూడా చూసింది. మూడూ ఒకటే. అప్పుడే డబ్బు ఇచ్చింది.

బిల్లు మూడున్నర వేలయింది. అంతకు ముందు ఇచ్చిన నాలుగు వేలు గ్యాసుతో పాటే గాలిలో కలిశాయి.

జాగ్రత్త!

• ఏసీ గొట్టాలు మనం విప్పకూడదు. లోపల చాలా ఒత్తిడి ఉంటుంది. గ్యాసు చిమ్మి కంట్లో పడితే చూపు పోవచ్చు. చర్మం మీద పడితే మంచుకు గడ్డకట్టినట్టు పుండవుతుంది.

• లీకు పరీక్షకు ఆక్సిజన్ వాడనివ్వకండి. లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది.

• చవక అని వంటగ్యాసు నింపనివ్వకండి. కేబిన్‌లో లీకయితే నిప్పురవ్వ చాలు.

• మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ, ఏసీ వేసుకుని నిద్రపోకూడదు. ఇంజను పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ మాట మీ ఇంటి డ్రైవరుకు తప్పక చెప్పండి.

ఆలోచించండి, చెప్పండి

1. ఏసీ గ్యాసుకూ, డీజిలుకూ తేడా ఏమిటి?

2. బండి కింద నీటిచుక్కలు పడితే అది లీకా?

3. "గ్యాసు నింపుతాను" అని మెకానిక్కు అంటే మీరు ముందు ఏం అడుగుతారు?

మూడో ప్రశ్నకు మా వదిన జవాబు ఇది: "నింపడం సరే అన్నా, పోయింది ఎక్కడినుంచో ముందు చూపించు."