సైకిలు సీటు వదిలిన రోజు

సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న మా యాప్రాల్‌లో రోడ్లకు ఎత్తుపల్లాలు ఎక్కువ. మా పాప సైకిలు నేర్చుకునేటప్పుడు పడుతుందేమోనని నేను వెనుక సీటు వదల్లేదు. నెల గడిచినా తనకు బ్యాలెన్సు రాలేదు. చివరికి నా భయాన్ని ప్రభువుకు అప్పగించి చెయ్యి తీశాను. పది గజాలు వెళ్లి పడింది, లేచి మళ్లీ ఎక్కింది.

ప్రియమైన తల్లిదండ్రులారా, బిడ్డ రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించండి. హ్యాండిలు మీరు పట్టుకోకండి. చక్రం వంక కాక ముందుకు చూడమనండి. పల్లంలో రెండు బ్రేకులూ మెల్లగా వేయడం నేర్పండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే బోర్లా పడతారు.

1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. బస్సు కోసమో, ఇంట్లో మగవాళ్ల కోసమో కాచుకొనే బాధ వారికి తగ్గింది. బడి దూరమని చదువు మానే ఆడపిల్లలు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారికి సైకిలు కొనిస్తే చాలదు. నేర్పేవారు, కొన్నాళ్లు తోడు వెళ్లేవారు కావాలి. పడినప్పుడు లేవనెత్తే తోడు ఎంత మేలో ప్రసంగి 4వ అధ్యాయంలో చదువుతాం గదా!

ఇప్పుడు రోజూ ఉదయం పాలకు మేమిద్దరం సైకిళ్లమీదే వెళుతున్నాం. ఎత్తు దగ్గర నేను దిగి నెట్టుకొస్తుంటే, పాప పైన ఆగి నా కోసం చూస్తుంటుంది.