బాన్సువాడ నుండి మంచుకొండలకు: మితవ్యయముతో కుటుంబవిహారము



మన ఇండ్లలో విహారయాత్ర యను మాట వినబడినతోడనే మొదట పుట్టు ప్రశ్న “ఎంత యగును?” అనునది. ఇంటి పద్దు చూచుకొను ఇల్లాలికి ఆ ప్రశ్న సహజమే. కాని దానికి జవాబు వెదకకయే “అది మనవంటివారికి కాదులే” యని నిట్టూర్చి ఊరకుండుట మంచిది కాదు. పిల్లలు టెలివిజనులో మంచుకొండలపై జారి యాడువారిని చూచి “మనమును పోవుదమా?” యని యడుగుదురు. నిజాంసాగరపు కాలువనీటితో వరి పండించుకొను బాన్సువాడ సంసారులకు ఆ యాట అందని మ్రానిపండని తోచుట వింత కాదు. అందునో అందదో లెక్క వేసి చూతము.

స్కీ యనగా ప్రత్యేకమైన బూటునకు బిగించు పొడవైన సన్నని పలక. కాలికొకటి చొప్పున రెండు పలకలు కట్టుకొని, చేతులందు రెండు కర్రలు పట్టుకొని, మంచు కప్పిన వాలుపై జారుటయే ఈ యాట. నార్వే మొదలగు ఉత్తరదేశములందు పూర్వము చలికాలమున ఊరినుండి ఊరికి పోవుటకు ఇది సాధనముగా నుండెను. క్రమముగా వినోదమై, 1924లో ఫ్రాన్సునందలి షామోనీలో జరిగిన మొదటి శీతకాల ఒలింపిక్ క్రీడలలో చేరెను. మన దేశమున 1927లో ఆంగ్లేయులు గుల్మార్గులో స్కీ క్లబ్బును స్థాపించిరి. అప్పుడది దొరల యాట. ఇప్పుడట్లు కాదు. మనాలికి చేరువనున్న బురువా గ్రామపు యువతి ఆంచల్ ఠాకూరు 2018లో తుర్కీదేశమున కంచుపతకము గెలిచెను. 

మన ప్రాంతపు ఆడపిల్లకు మంచు కొత్తయే గాని అసాధ్యము కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, నేడు కామారెడ్డి జిల్లాలో చేరిన తాడ్వాయి గురుకులమున చదువుచు, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటికామెకు 14 ఏండ్లు నిండలేదు. మనము కోరునది శిఖరము కాదు. పిల్లలతో మూడు దినములు మంచువాలుపై ఆడుకొనుట మాత్రమే.

ఏ చోటు?

మొదట ఒక మాట. తెలుగులో పొగమంచునకును, ఆకుపై బిందువునకును, కొండపై తెల్లగా పేరుకొను హిమమునకును మంచు అనియే పేరు. అందుచేత కొందరు మంచు చూతమని లంబసింగికి పోయి, పొగమంచును చూచి తిరిగివత్తురు. ఆ చోటు అందమైనదే, చలియు నున్నది; కాని జారుటకు తగిన హిమము అక్కడ కురియదు. అది హిమాలయములందే దొరకును. స్విట్జర్లాండు మాట తలపనక్కరలేదు. పాస్‌పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టులకగు ధనముతోనే మన హిమాలయయాత్ర ముగించుకొనవచ్చును.

మన దేశమున స్కీకి పేరుపడిన చోట్లు ముఖ్యముగా నాలుగు. కాశ్మీరమునందలి గుల్మార్గు వీనిలో గొప్పది. అక్కడి గండోలా యను తీగబండి రెండు అంచెలుగా ఆఫర్వత్ కొండపైకి కొనిపోవును. 2025 జూన్‌లో కట్రా నుండి శ్రీనగరమునకు రైలు ప్రారంభమగుటచే ప్రయాణము సులభమైనది. గుల్మార్గులో బస ఖరీదైనది. దిగువనున్న తంగ్‌మార్గులో దిగినచో కొంత కలిసివచ్చును. అయితే 2025 ఏప్రిల్‌లో పహల్గాములో యాత్రికులపై దాడి జరిగిన సంగతి మరువరాదు. ప్రభుత్వపు సూచనలు తెలిసికొనియే బయలుదేరవలయును.

రెండవది ఉత్తరాఖండమునందలి ఔలీ. నందాదేవి శిఖరము ఎదుట కనబడు ఈ చోట 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలు జరిగినవి. కాని ఋషికేశమునుండి సుమారు 250 కిలోమీటర్ల కొండదారి, చిన్నపిల్లలకు కష్టము. 2023 జనవరిలో జోషీమఠమున నేల క్రుంగినపుడు ఔలీకి పోవు తీగబండిని నిలిపివేసిరి. దాని సంగతి విచారింపక గది కుదుర్చుకొనరాదు.

మూడవది సిమ్లాకు సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న నార్కండా. కాల్కా నుండి సిమ్లాకు పోవు చిన్నరైలు 1903లో వేసినది. నూరుకు పైగా సొరంగములలో దూరి పోవును. పిల్లలకు ఆ రైలుప్రయాణమే సగము విహారము.

నాలుగవది మనాలికి సుమారు 13 కిలోమీటర్ల దూరముననున్న సోలంగు లోయ. మితవ్యయమును కోరు మొదటిసారివారికి ఇదియే తగినదని నా యభిప్రాయము. మనాలి పెద్ద బస్తీ యగుటచే అన్ని తరగతుల బసలు నున్నవి, బేరమునకు అవకాశమున్నది. ఢిల్లీ నుండి రాత్రి బస్సు ఎక్కినచో తెల్లవారి దిగవచ్చును; ఆ రాత్రికి గది అద్దె తప్పును. అన్నిటికంటె ముఖ్యము, ఆట నేర్వనివారికిని మంచులో ఆడుకొనుటకు చోటున్నది. తండ్రికి భయమైనను, తల్లికి సందేహమైనను, యాత్ర వ్యర్థము కాదు.

ఎప్పుడు?

ఇక్కడనే మన చిక్కు. వేసవిసెలవులు పొడవైనవి గాని అప్పటికి సోలంగులో హిమము కరగిపోవును. జనవరి నుండి మార్చి మొదటివరకు స్కీకాలము. సంక్రాంతిసెలవులు వారమునకు మించవు. ఆ దినములలో బసల ధరలును హెచ్చు. పైగా మన బాన్సువాడ వైపు యాసంగి నాట్లు అప్పుడే. నాట్ల వేళ ఇల్లు విడిచిన రైతుకుటుంబమునకు మంచులో మనసు నిలుచునా?

కావున పొలమున్న యింటివారికి నాట్లు ముగిసిన పిదప ఫిబ్రవరి నడుమ అనుకూలము. క్రొత్త సంవత్సరపు గుంపు, సంక్రాంతి గుంపు తగ్గియుండును. గది యజమాని బేరమునకు చెవి యొగ్గును. పదవతరగతి, ఇంటర్మీడియట్టు పిల్లలున్నయెడల ఆ సంవత్సరము మానుకొనుడు. చిన్నతరగతులవారికి కొలది దినములు బడి తప్పినను నష్టములేదు. కాని హిమము మన మాట వినదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గులో జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక వాయిదాపడి మార్చిలో జరిగినవి. క్రీడాకారులకే తప్పనిది మనకు తప్పునా? బస కుదుర్చుకొనునపుడు తేది మార్చుటకు వీలున్నదా యని ముందే యడిగి, ఆ మాట వ్రాతలో తీసికొనుడు.

దారి లెక్క

బాన్సువాడకు రైలు లేదు. రోడ్డుమీద కామారెడ్డికి గాని నేరుగా హైదరాబాదునకు గాని చేరి, రాత్రి బంధువులయింట నిలిచి, ఉదయమే తెలంగాణా ఎక్స్‌ప్రెస్సు నెక్కినచో మరునాటి ఉదయము ఢిల్లీ. ఆ సాయంకాలము బస్సు. మూడవనాటి ఉదయము మనాలి. అక్కడ మూడు పగళ్ళు, రెండు రాత్రులు గడిపి అదే దారిని తిరిగివచ్చినచో, ఇల్లు విడిచి మరల ఇల్లు చేరుసరికి తొమ్మిది దినములగును. ఆ తొమ్మిదిటిలో గది అద్దె రెండు రాత్రులకే. మొదలు ఈ లెక్క కాగితముపై వేసికొనుడు. ఖర్చంతయు దీనినిబట్టియే యుండును.

రైలు టిక్కెట్టులు ప్రయాణమునకు 60 దినములు ముందుగా ఇత్తురు; 2024 నవంబరు నుండి ఇదియే నియమము. ఆ మొదటిదినముననే తీసికొనుట మేలు. ఐదేండ్లలోపు బిడ్డకు వేరు పడక అక్కరలేనిచో టిక్కెట్టు లేదు. ఐదునుండి పండ్రెండేండ్లలోపు పిల్లలకు పడక వద్దన్నచో సగము ఛార్జి, కావలెనన్నచో పూర్తి ఛార్జి. చిన్నవారిరువురున్న యింట ఈ యొక్క నియమము తెలిసినందుచేతనే చెప్పుకొనదగిన సొమ్ము మిగులును.

ఖర్చు పెరుగు చోట్లు

ధరలు ఏటేట మారునవి గనుక అంకెలు వ్రాయను. ఎచ్చట జారిపోవునో చెప్పెదను. ప్రయాణము, బస, భోజనము, బట్టలు–పలకల అద్దె, గురువుగారి రుసుము – ఈ ఐదింటికి ఐదు పద్దులు పెట్టి, మొత్తములో పదవవంతు అనుకోని ఖర్చునకు వేరుగా నుంచుడు. మంచు కురిసి దారి మూసికొనినచో ఒక రాత్రి అదనముగా నిలువవలసివచ్చును. ఆ పదవవంతు అప్పుడు మానము కాపాడును.

మంచుకోట్లు, బూట్లు కొనవలదు. సోలంగు దారిలో వరుసగా అద్దె అంగళ్ళున్నవి. కారువాడు ఆపిన అంగడిలోనే తీసికొనవలయునను నియమము లేదు; రెండుమూడు చోట్ల విచారింపుడు. లోపలి తడి, చిరుగులు చూచియే తీసికొనుడు. ఇంటినుండి ఉన్ని బనీనులు, మేజోళ్ళు రెండేసి జతలు, నల్లకళ్ళద్దములు తీసికొనిపోయిన చాలును. నూలుబట్ట తడిసినచో ఆరదు, చలి పట్టును. చీరకుచ్చెళ్ళు మంచులో తడిసి బరువెక్కును గనుక ఆ మూడు దినములు సల్వారు తొడుగుటకు పెద్దలును సంకోచింపవలదు.

స్కీ పలకలు గంటకింత యని అద్దెకిత్తురు. గురువుగారి రుసుము అందులో చేరునా, వేరా, ఒక్కనికా, ఇంటివారందరికా యని ముందే తేల్చుకొనుడు. మొదటిదినము గంటసేపే చాలును. ముందుకొనలు దగ్గరగను వెనుకకొనలు ఎడముగను నుంచి వేగము తగ్గించుటయు, పడదలచినపుడు ప్రక్కకు పడుటయు వచ్చినచో మొదటిపాఠము వచ్చినట్లే.

ఎదిగిన కొడుకుగాని కూతురుగాని ఆట చక్కగా నేర్వగోరినచో అంగడి గురువులకంటె ప్రభుత్వసంస్థలు చౌక. మనాలిలోని అటల్ బిహారీ వాజపేయి పర్వతారోహణ సంస్థయు, గుల్మార్గులోని భారత స్కీ, పర్వతారోహణ సంస్థయు చలికాలమున తరగతులు నడపును. వయోనియమములు, వైద్యపత్రము ముందుగా విచారించి దరఖాస్తు పెట్టుకొనవలయును.

ఈ మొత్తము ఒక్కమారుగా తీయుట ఎవరికైనను కష్టమే. పండ్రెండు భాగములు చేసి, నెలకొక భాగము చీటీలోనో పోస్టాఫీసులోనో వేయుడు. నెలభాగము ఇంటిపద్దును నొప్పించుచున్నచో యాత్రను మరుసటి యేటికి జరుపుడు. అప్పు చేసి పప్పుకూడు తినవచ్చునేమో గాని అప్పు చేసి మంచులో జారినచో, ఆ జారుట ఇంటికి వచ్చినను నిలువదు.

ఆరోగ్యము

సోలంగు సముద్రమట్టమునకు సుమారు 2,500 మీటర్ల యెత్తున నున్నది. మొదటిదినము తలనొప్పి, ఆయాసము కలుగవచ్చును. ఆ పూట విశ్రమించి, నీరు బాగుగా త్రాగి, రెండవదినము ఆటకు పోవుట క్షేమము. ఉబ్బసము, గుండెజబ్బు గలవారును గర్భవతులును వైద్యుని అడుగక బయలుదేరరాదు.

ఇల్లాలి పాలు

చివరకు ఒక మాట. డబ్బు మిగుల్చుటకు కొందరు పొయ్యి, గిన్నెలు మోసికొనిపోయి, కొండలలోను ఇల్లాలిచేతనే వంట చేయింతురు. ఇంటివద్ద వండినది చాలదా? దారికి సకినాలు, మురుకులు, తొక్కు, పొడులు తీసికొనుడు. పూటకొకమారు వేడియన్నము, పప్పు అక్కడి చిన్నహోటలులో తినుడు. ఆ కొలది రూపాయలు దుబారా కాదు, అది తల్లికి రావలసిన సెలవు.

అట్లే వాలుదగ్గర తల్లి కోట్లు, సంచులు పట్టుకొని గట్టున నిలువబడుటయు, తక్కినవారు జారుటయు సాధారణముగా జరుగునది. లెక్కలు వేసినది ఆమె, నెలనెల కూడబెట్టినది ఆమె, సంచులు సర్దినది ఆమె. కావున అద్దెపద్దులో పలకల జతలు లెక్కించునపుడు మొదటిజత మీ పేర వ్రాసికొనుడు. పడినను మెత్తని మంచే. నవ్వినను నవ్వువారు మీ పిల్లలే. పంచుకొను సెలవే ఇంటికి చౌకయైన సెలవు.