బడికి పెద్ద ముందు, మెట్రిక్ తర్వాత

ఆడపిల్లల హైస్కూలు హెచ్‌ఎం మేడం రిటైరైతే సన్మాన పత్రం నల్లజర్లలోనైనా ఏలూరులోనైనా దాదాపు ఒకేలా మొదలవుతుంది: ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి ధర్మపత్ని. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. కుటుంబం గురించి రాయడం తప్పేమీ కాదు. కానీ ఇల్లు ఆమెకు ఇచ్చిందేమిటని అడిగితే ఇంటిపేరు చెప్పి ఊరుకుంటున్నాం. నిజానికి ఇల్లు ఇవ్వవలసింది వీలు. అది దొరికిన చోట చదువు లేకున్నా బడి పుట్టింది. దొరకని చోట డిగ్రీలున్నా కుర్చీ ఖాళీగా ఉంది.

గోదావరి అవతల కాకినాడే ఇందుకు సాక్ష్యం. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దన్నారామె. అప్పుడు పుట్టింటివారు ఊరేమంటుందో చూడలేదు, ఆమె పక్షాన నిలబడ్డారు. ఇంగ్లీషు చదువు మీద నిరసనతో బడి మానేసిన ఆ పిల్లే, తాను బెంచీ మీద కూర్చోవలసిన వయసులో కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్లకు పాఠాలు చెప్పారు. మెట్రిక్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, బెనారస్ విశ్వవిద్యాలయం ద్వారా ప్రైవేటుగా కట్టారు. ఆ పైన బి.ఏ., లా, రాజ్యాంగ సభ. ఉద్యోగ జీవితమంటే సర్టిఫికెట్ల వరుస అనుకునేవాళ్లకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది.

దుర్గాబాయి లాంటివాళ్లు నూటికో కోటికో ఒక్కరు, ఆమెను చూసి సూత్రం కడతారా అనవచ్చు. సరే, మద్రాసు చూద్దాం. బాలవితంతువైన సుబ్బలక్ష్మిని కన్నవారు ఇంటి మూలన కూర్చోబెట్టకుండా చదివించారు. 1911లో ఆమె పట్టభద్రురాలై, తనలాంటి పిల్లలకు వసతిగృహం నడిపి, వారిని పంతులమ్మలుగా తయారుచేశారు. పైకులాల ఇళ్లు కాబట్టి సాగిందన్న మాటలో నిజముంది. కానీ 1848లో పుణెలో బడి మొదలుపెట్టిన, పైకులం కాని సావిత్రిబాయి ఫూలేను ఆ పని చేసినందుకే అత్తింటి నుంచి వెళ్లగొట్టారు. ఆమెకు మిగిలిన ఇల్లు భర్త ఒక్కడే. అంటే వంశం కాదు, వెనక నిలబడే ఒక్క మనిషైనా ఉన్నారా అన్నదే అసలు సంగతి.

మరి ఆ మనిషి లేని ఆడవాళ్ల మాటేమిటి? 1958లో దుర్గాబాయి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ మహిళా విద్యా కమిటీ ఆలోచించింది దీని గురించే. పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు బడితోపాటు నివాసం కూడా ఏర్పాటు చేయాలని అది సూచించింది. కుటుంబం ఇవ్వని వీలును ప్రభుత్వం ఇవ్వాలన్నమాట. రోడ్లు బాగుపడ్డాక క్వార్టర్లెందుకు, తాడేపల్లిగూడెం నుంచి నల్లజర్లకు రోజూ వచ్చిపోవచ్చు కదా అంటారు. వచ్చిపోవచ్చు. తెల్లారకముందే క్యారియర్లు సర్దిపెట్టి, సాయంత్రం స్పెషల్ క్లాసు సగంలో గడియారం చూసుకుంటూ. బదిలీల్లో భార్యాభర్తలకు అదనపు పాయింట్లు ఉన్నాయి గానీ, అవి మళ్లీ భర్త ఉద్యోగాన్ని బట్టే. ఇక ఆడపిల్లల హైస్కూలుకు మహిళలు దొరక్కపోతే యాభై దాటిన మగవారిని పంపవచ్చని అవే బదిలీ నిబంధనల్లో రాసుకున్నారు. దొరకరేమోనన్న అనుమానం నిబంధనగా మారింది గానీ, ఎందుకు దొరకరన్న ప్రశ్న ఇంకా ఏ ఫైలుకూ ఎక్కలేదు.