కంప్యూటరునందు దశాంశసంఖ్యల నిలువ

మాచర్ల చేరువనున్న నాగార్జునసాగరపు నీటిమట్టమును గంటకొకసారి మేము వ్రాసితిమేని ఏడాదికి 8,760 దశాంశసంఖ్యలగును. కంప్యూటరునందు సంఖ్య యొకటికి 8 బైట్ల చోటు చాలును. కాని జావాభాషలోని ‘అరేలిస్ట్’ అను జాబితా సంఖ్యను నేరుగా నుంచుకొనజాలదు. సాధారణముగా ప్రతిదానిని 24 బైట్ల పెట్టెలో నుంచి, దాని చిరునామాను మరి 4 బైట్లలో వ్రాసికొనును. మిరపకాయకొక గోనెసంచి కుట్టినట్లు కాదా? 70,080 బైట్లకు మారుగా 2,45,280 పట్టును.

సంఖ్యలనే వరుసగా నింపెడి ‘డబుల్’ శ్రేణి మన గాదెవంటిది. చోటును, కాలమును మిగుల్చును. ఏడంకెల కచ్చితము చాలునన్న ‘ఫ్లోట్’ శ్రేణికి అందు సగమే చాలును.

అయిన నొక్క జాగ్రత్త: జాబితాలో స్థానము ఖాళీగా నుండవచ్చును, శ్రేణిలో నట్లు కుదరదు. కొలత తప్పిన గంటకు 0 వ్రాసినచో సాగరమెండెనని యర్థమగును. ‘సంఖ్య కాదు’ అను గుర్తునే యుంచవలెను. పొదుపు పేరిట నిజము చెడరాదని మా మనవి.