కార్యదర్శి మారినపుడు కంప్యూటరులో పాత ఖాతా తొలగించు విధము

మనూర్ ప్రాంత పాల సంఘాల తనిఖీలో మేము తరచు చూచునది ఒకటున్నది. కార్యదర్శి మారుతారు; కంప్యూటరులో ఆయన పేరిట నున్న ఖాతా మాత్రం అట్లే ఉంటుంది. సభ్యుల బ్యాంకు నంబర్లు, పాల బిల్లులు అందులోనే ఉంటాయి. పాస్‌వర్డు తెలిసినవారు సంఘం గదిలోకి వస్తే చాలు, అన్నీ చూడగలరు.

అట్లని తొందరపడరాదు. విండోస్ సెట్టింగ్స్‌లో ‘రిమూవ్’ నొక్కి ఒప్పుకొంటే ఖాతాతో పాటు దాని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫైళ్ళు కూడా పోతాయి. ఆడిట్‌కు చూపవలసిన వెన్న శాతం లెక్కలు అందులో ఉంటే ఏమి జవాబు చెప్పగలము?

కనుక ముందుగా పాలకవర్గ సభ్యుని ఎదుట ఆ ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కటి తెరచి చూడవలెను. ఎక్కినవను నమ్మకం చాలదు. తరువాత కొత్త కార్యదర్శికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఇచ్చి, అందులో నుండి పాతది తొలగించవలెను. సి డ్రైవ్ ‘యూజర్స్’లో పాత పేరిట ఫోల్డరు ఇంకా మిగిలి ఉంటే, ఖాతా పోయిన పిదపనే దానిని చెరపవలెను. డి డ్రైవ్‌లో విడిగా దాచినవి ఖాతాతో పోవు; వాటిని వేరుగా వెదకాలి.

బ్యాంకు పాస్‌వర్డు కూడా ఆనాడే మార్చండి. ఖాతా తీసివేసినంత మాత్రాన అది మారదు.