క్యాన్సర్ కణాల కబుర్లు... అమ్మ అడిగే ప్రశ్న

హ్యూస్టన్‌లో మా ల్యాబ్ పని, క్యాన్సర్ కణాలు పంపే కబుర్లను పట్టుకోవడం. వాటిని మోసేవి ఎగ్జోసోమ్‌లనే బుడగలు. సైజు 30 నుంచి 150 నానోమీటర్లే; మామూలు మైక్రోస్కోపుకు అందవు. సెంట్రిఫ్యూజ్‌లో గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పి అడుక్కి దించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తాం. మెషిన్ తిరిగినంతసేపూ టీ తాగుతూ ఎదురుచూడటమే!

2015లో న్యూయార్క్‌లోని డేవిడ్ లైడెన్ బృందం ఎలుకల్లో చూపిన సంగతి నన్ను భయపెట్టింది. క్యాన్సర్ కణాలకంటే ముందే ఈ బుడగలు ఊపిరితిత్తులకో కాలేయానికో చేరి, చోటు సిద్ధం చేస్తాయట. ఎక్కడికన్నది వాటిపై ఉండే ఇంటెగ్రిన్ ప్రొటీన్లను బట్టి ఉంటుంది.

గుంటూరులో అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషనై రెండేళ్లు. "మళ్లీ రాకుండా మందేమైనా కనిపెట్టారా నాన్నా?" అని ఫోన్‌లో అడుగుతుంది.

"మా దగ్గర ఇంకా లేదమ్మా. చెకప్ ఎప్పుడు?" అంటాను.